సిగ్నల్ లెక్కలో వాడ ఎక్కడ?

వేసవి సెలవుల తరువాత మా విభాగంలో ఎం.టెక్ చదువుతున్న ఒక విద్యార్థి నా గదికి వచ్చి బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. చేత్తో గీసిన తన ఊరి పటం అది. పంచాయతీ కార్యాలయం, బడి, రామాలయం, చెరువు కట్ట, కట్టకు అవతల వాడ. ఫోనులో సిగ్నల్ బలాన్ని కొలిచే అప్లికేషన్ పెట్టుకొని ఊరి నడిబొడ్డు నుంచి వాడ చివరి ఇంటిదాకా నడిచాడు. కొంత కొంత దూరానికి ఆగి రీడింగులు రాసుకున్నాడు. పంచాయతీ కార్యాలయం దగ్గర 5జీ నిండుగా ఉంది. చెరువు కట్ట దిగేసరికి అది 4జీ అయింది. వాడలో ఆరుబయట నిలబడితే మాట వినిపిస్తుంది, ఇంట్లో కూర్చుంటే వీడియో పాఠం ఆగి ఆగి నడుస్తుంది. సాయంత్రమైతే పిల్లలందరూ ఫోన్లు పట్టుకొని వాడ మొగదలనున్న వేపచెట్టు కిందికి చేరతారు. "తరంగానికి కూడా కులం ఉంటుందా సార్?" అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు గానీ అది నవ్వులాట ప్రశ్న కాదు. అతను ఆ వాడ పిల్లవాడే.

పదిహేనేళ్లకు పైగా వైర్‌లెస్ కమ్యూనికేషన్ బోధిస్తున్న నాకు ఆ ప్రశ్నకు సగం జవాబు వెంటనే తోచింది. తరంగానికి కులం లేదు. దానికి తెలిసినవి దూరం, ఫ్రీక్వెన్సీ, అడ్డంకి మాత్రమే. దేశంలో 5జీకి ప్రధానంగా వాడుతున్నది 3,300 మెగాహెర్ట్జ్‌కు పైనున్న స్పెక్ట్రమ్. ఒకే రకం యాంటెన్నాలతో చూస్తే, ఆరుబయట అదే దూరం ప్రయాణించిన 700 మెగాహెర్ట్జ్ తరంగం కంటే 3,500 మెగాహెర్ట్జ్ తరంగం 25 రెట్లు బలహీనంగా చేరుతుంది. గోడలు దాటి లోపలికి రావడంలోనూ అది వెనుకబడుతుంది. ఇక 26 గిగాహెర్ట్జ్ తరంగాలకైతే గోడ, చెట్టు, వాన అన్నీ అడ్డే. దీపపు వెలుగును టార్చిలైటులా ఒకవైపు మళ్లించినట్టు, ఎక్కువ యాంటెన్నాలతో తరంగాన్ని వినియోగదారుని వైపు తిప్పే బీమ్‌ఫార్మింగ్ ఈ నష్టాన్ని కొంత పూడుస్తుంది. పూర్తిగా పూడ్చలేదు. కాబట్టి తరం మారేకొద్దీ వేగం పెరుగుతుంది, టవర్‌కు దగ్గరగా ఉండవలసిన అవసరమూ పెరుగుతుంది. మాటల కోసమే ఫోను వాడిన రోజుల్లో అరకిలోమీటరు దూరం లెక్కలోది కాదు. ఇప్పుడు అది లెక్కలోకి వస్తోంది.

మిగతా సగం జవాబు భౌతికశాస్త్రంలో దొరకదు. ఆ అరకిలోమీటరును ఎవరు సృష్టించారు? టవర్ ఎక్కడ పెట్టాలో, ఫైబర్ ఎక్కడ ఆగాలో, ఏది 'అందినట్టు' లెక్కో ఎవరు నిర్ణయించారు? ఊరికి వాడ దూరంగా ఉండటం ప్రకృతి చేసిన ఏర్పాటు కాదని ఈ పేజీ పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. చెప్పవలసింది మరొకటి ఉంది: ఆ దూరం నేటి నెట్‌వర్క్ లెక్కల్లోకి ఎలా దిగుతోందన్నది.

ముందుగా ఇంజనీర్ల లెక్క చూద్దాం. ఒక కొత్త తరం సాంకేతికతకు అంతర్జాతీయ గుర్తింపు రావాలంటే అది అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం పెట్టే పరీక్షలు నెగ్గాలి. 5జీ కోసం ఆ సంఘం 2017లో ప్రకటించిన మూల్యాంకన మార్గదర్శకాల్లో 'గ్రామీణ' నమూనా ఒకటి ఉంది. అందులో సాధారణ అమరికల ప్రకారం రెండు టవర్ల మధ్య దూరం 1,732 మీటర్లు. వినియోగదారుల్లో సగం మంది ఇళ్లలో ఉంటారు. మిగతా సగం మంది గంటకు 120 కిలోమీటర్ల వేగంతో కార్లలో వెళుతుంటారు. ఆ గ్రామంలో కాలినడకన పోయే మనిషి ఒక్కడు కూడా లేడు! ఐరోపా, అమెరికా గ్రామీణ రహదారులను మనసులో పెట్టుకొని గీసిన బొమ్మ అది. మన పల్లెల్లో అంత దగ్గర దగ్గరగా టవర్లు కట్టేవారూ లేరు, అంత వేగంగా పోయే కార్లూ లేవు.

దీన్ని మన దేశ ఇంజనీర్లు ప్రశ్నించారు. ఫైబర్ చేరే పంచాయతీ కేంద్రంలో ఒక టవర్ పెడితే చుట్టూ మూడు కిలోమీటర్లలోని పల్లెలన్నిటికీ సేవ అందాలన్నది వారి వాదన. ఫలితంగా టవర్ల మధ్య 6 కిలోమీటర్ల దూరం, నెమ్మదిగా కదిలే వినియోగదారులు ఉండే మరో అమరిక అదే మార్గదర్శకాల్లో చేరింది. అందులో నూటికి నలభై మంది నడిచేవాళ్లు. ఆ పరీక్షను నెగ్గే తరంగ రూపకల్పనలో సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్, మద్రాస్ ఐఐటీ పరిశోధకులు కీలక పాత్ర వహించారు. '5జీఐ' పేరుతో వచ్చిన ఆ భారతీయ ప్రమాణాన్ని అంతర్జాతీయ సంఘం గుర్తించింది. తరువాత అందులోని ముఖ్యాంశాలు ప్రపంచమంతా వాడే 5జీ ప్రమాణాల్లోనే కలిసిపోయాయి. పేదదేశపు దూరాన్ని, పేదవాడి నడకను ఒక అంతర్జాతీయ సూత్రంలోకి ఎక్కించిన ఘట్టంగా దీన్ని నేను తరగతిలో ఏటా గర్వంగానే చెబుతాను.

కానీ ఆ విద్యార్థి పటం చూశాక అదే పత్రంలోని మరో మాట నన్ను వదలలేదు. వినియోగదారులు ఆ ప్రాంతమంతటా 'యాదృచ్ఛికంగా, సమానంగా' పరుచుకొని ఉన్నారని భావించాలి అన్నది ఆ నమూనాలోని ఒక ఊహ. గణితానికి అది సౌకర్యం. మన ఊరు మాత్రం అలా లేదు. మన ఊళ్లో ఎవరి ఇల్లు ఎక్కడన్నది యాదృచ్ఛికం కానే కాదు, తరతరాల శాసనం. నడిబొడ్డున ఒకరు, చెరువు దిగువన ఒకరు, ఊరికి ఆవల ఒకరు. లంబాడీలకు తండా, కోయలకు గూడెం, చెంచులకు పెంట, మాల మాదిగలకు వాడ. మన దేశం ప్రపంచ వేదిక మీద తన దూరాన్ని లెక్కలోకి ఎక్కించుకోగలిగింది. తన ఊళ్లో తాను పెట్టిన దూరాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

ఇది పత్రాల్లో ఆగిపోయే విషయం కాదు. 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన జాతీయ ఫైబర్ పథకం తరువాత భారత్‌నెట్‌గా పేరు మార్చుకుంది. సుమారు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబర్ చేర్చడం దాని లక్ష్యం. లక్ష్యంలోని కొలమానం చూడండి, గ్రామ పంచాయతీ. అంటే ఆచరణలో పంచాయతీ కార్యాలయం, లేదా అదే ఆవరణలోని మరో ప్రభుత్వ భవనం. ఆ భవనం ఎక్కువ ఊళ్లలో నడిబొడ్డునే ఉంటుంది. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరణ పథకం మరో అడుగు ముందుకు వేసి, పంచాయతీ కేంద్రాలు కాని 3.8 లక్షల గ్రామాలకు కూడా అడిగితే ఫైబర్ ఇస్తామంది. మంచిదే. అయినా కొలమానం గ్రామమే. గ్రామం లోపల ఏముందో ఆ లెక్కకు అక్కరలేదు.

మొబైల్ సేవల లెక్క కూడా ఇంతే. 2024 ఏప్రిల్ నాటికి దేశంలోని 6,44,131 గ్రామాల్లో 6,12,952 గ్రామాలకు, అంటే 95 శాతానికి, 3జీ లేదా 4జీ అందుతోందని కేంద్రం ప్రకటించింది. ఈ అంకె తప్పని నేను అనడం లేదు. గ్రామంలో ఒకచోట సిగ్నల్ అందితే ఆ గ్రామం 'అందిన' జాబితాలోకి పోతుంది. నా విద్యార్థి ఊరు కూడా ఆ జాబితాలోదే. ఆ వేపచెట్టు మాత్రం ఏ జాబితాలోనూ లేదు. లెక్క ఎక్కడ ఆగుతుందో వైరూ అక్కడే ఆగుతుంది.

ఇది నాకు కొత్త అనుభవం కాదు. నేను పుట్టింది కూడా అలాంటి వాడలోనే. మా ఊరికి కరెంటు వచ్చిందని సర్కారు రికార్డుల్లో రాసుకున్న తరువాత కూడా ఎన్నో ఏళ్లు మా ఇంట్లో కిరోసిన్ బుడ్డే వెలిగింది. స్తంభాల వరుస పెద్దమ్మ గుడి దగ్గర ఆగిపోయింది. పదో తరగతి పరీక్షలకు నేను ఆ చివరి స్తంభం కింద కూర్చొని చదివాను. అప్పట్లో అది మా ఊరి పెద్దల పని అనుకునేవాణ్ణి. పెద్దయి ఇంజనీరింగ్ చదివాక తెలిసింది, అందులో ఒక నిర్వచనం హస్తం కూడా ఉందని. 1997కు ముందు ప్రభుత్వ నిర్వచనం ప్రకారం ఒక గ్రామ రెవెన్యూ పరిధిలో ఏ అవసరానికైనా కరెంటు వాడితే చాలు, అది 'విద్యుదీకరణ జరిగిన గ్రామం'. పొలంలో ఒక్క బోరు మోటారు తిరిగినా ఊరంతా వెలుగు ఉన్నట్టే! 1997లో దాన్ని 'నివాస ప్రాంతంలో' వాడాలని సవరించారు. నివాస ప్రాంతం అంటే మళ్లీ ఊరే. 2004లో గానీ అసలు మార్పు రాలేదు. ట్రాన్స్‌ఫార్మర్, లైన్లు ప్రధాన నివాస ప్రాంతంలోనే కాక, దళితవాడ ఉన్నచోట దళితవాడలో కూడా ఉండాలని, బడి, పంచాయతీ, ఆరోగ్య కేంద్రం వంటి చోట్లకు కరెంటు అందాలని, కనీసం 10 శాతం ఇళ్లకు కనెక్షన్ ఉండాలని కేంద్రం కొత్త నిర్వచనం ఇచ్చింది.

ఆ 10 శాతం షరతు ఎంత బలహీనమో అందరికీ తెలుసు. అయినా ఒక సాంకేతిక నిర్వచనంలో 'దళితవాడ' అనే మాట చేరడం చిన్న విషయం కాదు. అంతవరకు వాడను వదిలేసి కూడా అధికారి తన లక్ష్యం పూర్తిచేసినట్టు రాసుకోగలిగేవాడు. ఆ తరువాత కాగితం మీదైనా అది కుదరలేదు. రోడ్ల విషయంలోనూ ఇలాంటి మార్పే జరిగింది. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన గ్రామాన్ని కాక ఆవాసాన్ని కొలమానంగా తీసుకుంది. మైదాన ప్రాంతంలో 500 జనాభా, గిరిజన ప్రాంతంలో 250 జనాభా ఉన్న ఆవాసానికి కూడా రోడ్డు అడిగే హక్కు వచ్చింది. తెలంగాణలో 2018లో తండాలు, గూడేలు వేరు పంచాయతీలైనప్పుడు అవి ఒక్కసారిగా ప్రతి ప్రభుత్వ పథకపు లెక్కలోకి వచ్చాయి. వాడను ఊరి నుంచి వేరు పంచాయతీ చేయమని ఎవరూ కోరరు, కోరకూడదు. ఊరిలో భాగంగానే ఉంచి, విడిగా లెక్కించాలి. కరెంటుకు 2004లో చేసిన ఆ పని టెలికాం రంగంలో నేటికీ జరగలేదు. నా వాదన అంతా ఇదొక్కటే.

'ఇంట్లో వీడియో ఆగితే ఏమవుతుంది, ఇదేమైనా తిండికి సంబంధించిన విషయమా?' అని అడిగేవారు ఉంటారు. అవును, తిండికి సంబంధించిన విషయమే. చౌకధరల దుకాణంలో వేలిముద్ర సర్వర్‌దాకా వెళ్లి తిరిగి వస్తేనే బియ్యం. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పని ప్రదేశాల్లో హాజరును మొబైల్ యాప్‌లో నమోదు చేయడం తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు ఫొటో తీసి పంపాలి. సిగ్నల్ లేనిచోట ఫొటో తీసి తరువాత పంపవచ్చని వెసులుబాటు ఇచ్చారు. కానీ ఎండలో కట్ట ఎక్కి సిగ్నల్ వెతుక్కునే మేట్‌ను అడిగితే ఆ వెసులుబాటు విలువ ఎంతో తెలుస్తుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తు, హాస్టల్ సీటు, ప్రవేశ పరీక్ష హాల్ టికెట్, భూమి రికార్డు, పింఛను... అన్నిటికీ ఇప్పుడు దారి నెట్‌వర్క్ మీదుగానే. జాతీయ నమూనా సర్వే 2017–18లో చూసినప్పుడు పట్టణాల్లో నూటికి 42 ఇళ్లకు ఇంటర్నెట్ సదుపాయం ఉంటే, పల్లెల్లో 15 ఇళ్లకే ఉంది. ఆ తరువాత రెండేళ్లకే కరోనా వచ్చి బళ్లు మూతబడ్డాయి, పాఠాలు ఫోన్లలోకి వెళ్లాయి. ఆనాడు వెనుకబడిన పిల్లలే ఈనాడు మా తరగతి గదుల్లో ఉన్నారు. మొదటి సంవత్సరం గణితంలో వారి తడబాటును 'మెరిట్ లేకపోవడం' అనే సహాధ్యాపకులను నేను రోజూ చూస్తున్నాను.

రాజ్యం ఒక మార్గాన్ని తప్పనిసరి చేసినప్పుడు ఆ మార్గం అందరి గుమ్మం దాకా ఉండటం దయ కాదు, బాధ్యత. న్యాయస్థానాలు ఈ దిశగానే మాట్లాడాయి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమని 2019లో కేరళ హైకోర్టు తీర్పునిచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో అంతర్భాగమని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 వేలంలో ప్రజల ఆస్తి అయిన స్పెక్ట్రమ్‌ను అమ్మి ప్రభుత్వం సంపాదించుకున్న హక్కు విలువ 1,50,173 కోట్ల రూపాయలు. ఆ ప్రజల్లో వాడ కూడా ఉందా, లేదా?

రాబోయే సాంకేతికతలో ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. 5జీలో 'నెట్‌వర్క్ స్లైసింగ్' అనే ఏర్పాటు ఉంది. ఒకే టవర్, ఒకే ఫైబర్, ఒకే స్పెక్ట్రమ్ మీద వేర్వేరు నాణ్యత గల అనేక నెట్‌వర్కులను సాఫ్ట్‌వేర్‌తో విడదీసి నడపవచ్చు. అంబులెన్సుకు ఆలస్యం లేని మార్గం, కర్మాగారంలో యంత్రానికి తడబడని మార్గం ఇవ్వడానికి ఇది నిజంగా ఉపయోగం. అవసరాన్ని బట్టి తేడా చూపడం అన్యాయం కాదు. కానీ ఇదే పరికరంతో, ఎక్కువ చెల్లించేవాడికి ముందు వరుస, తక్కువ చెల్లించేవాడికి మిగిలింది అనే అమరికనూ నిర్మించవచ్చు. అంబేడ్కర్ కుల వ్యవస్థను శ్రేణీకృత అసమానతగా విశ్లేషించారు. అందరూ ఒకే నిర్మాణంలో ఉంటారు, ఎవరి మెట్టు వారిది, పై మెట్టు హక్కు కింది మెట్టుకు లేదు. స్లైసింగ్‌ను కుల వ్యవస్థ అని నేను అనను. కానీ అసమానతను ముందే మెట్లుగా కట్టుకున్న సమాజంలోకి మెట్లు కట్టగలిగే సాంకేతికత వస్తున్నప్పుడు కాపలా అవసరం. విషయాన్ని బట్టి డేటా ధరలో వివక్ష చూపరాదని 2016 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ఇచ్చిన ఆదేశం విద్యార్థులు, యువత పోరాడి సాధించుకున్నది. ధరలో ఆనాడు అడ్డుకున్న వివక్ష నాణ్యత దారిలో తిరిగి రాకుండా, ప్రతి సాధారణ వినియోగదారునికీ కనీస వేగం ఇంత అని చట్టబద్ధం చేయాలి.

ఈ మాటలు రూపకల్పన జరిగే బల్లల దగ్గర ఎందుకు వినిపించవు? అక్కడ ఎవరు కూర్చున్నారో చూస్తే కొంత అర్థమవుతుంది. 5జీ, 6జీ చర్చలో నేడు మారుమోగుతున్న మిల్లీమీటర్ తరంగాలను 1895లోనే కలకత్తాలో ప్రదర్శించినవాడు జగదీశ్ చంద్ర బోస్. ఆయన తన పరికరాలను చదువు లేని ఒక రేకుపనివాడికి నేర్పి, అతని సాయంతో తయారు చేయించుకున్నారని జీవితచరిత్రకారులు రాశారు. బోస్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉంది, ఉండవలసిందే. ఆ రేకుపనివాని పేరు నా పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా లేదు. ప్రపంచపు మొదటి మైక్రోవేవ్ పరికరాల్లో కొన్నిటికి ఆకృతినిచ్చిన చేతులు అవి. నేటికీ ఈ విభజన పోలేదు. మట్టి తవ్వే వృత్తి తరతరాలుగా వడ్డెరలది. దేశమంతటా ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసింది పాలమూరు కూలీలు. యంత్రాలు వచ్చినా రోడ్డు పక్కన కేబుల్ కందకం దగ్గర పలుగు పట్టుకొని కనిపించేది కూలి మనిషే. టవర్ ఎక్కేది కాంట్రాక్టు యువకుడే. కులం పనిని మాత్రమే విభజించలేదు, పనిచేసే మనుషులనే విభజించింది అన్న అంబేడ్కర్ విశ్లేషణకు కేబుల్ కందకం ఒక నిదర్శనం.

ఇక పరిశోధనశాల సంగతి. కేంద్ర విద్యాశాఖ లెక్కల ప్రకారం 2015–19 మధ్య ఐఐటీలు పీహెచ్‌డీలో చేర్చుకున్న 25,007 మందిలో ఎస్సీలు 9.1 శాతం, ఎస్టీలు 2.1 శాతం. రాజ్యాంగబద్ధ వాటా వరుసగా 15, 7.5 శాతం. కొత్త ప్రమాణాలు పుట్టేది ఈ పరిశోధనశాలల్లోనే. ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యమా అని తెలుగు రాష్ట్రాల్లో వేలాది దళిత, బహుజన పిల్లలు ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్లయ్యారు. వారిలో ఎందరో నెట్‌వర్క్ నడుపుతున్నారు. దాన్ని రూపొందించే చోటికి మాత్రం ద్వారం ఇరుకుగానే ఉంది. 'వినియోగదారులు సమానంగా పరుచుకొని ఉన్నారు' అన్న వాక్యం చదవగానే 'మా ఊళ్లో అలా ఉండదే' అని ఎవరికి తడుతుంది? వాడ నుంచి నడిచి వచ్చినవాడికి తడుతుంది. ప్రాతినిధ్యం ఉద్యోగాల పంపకం మాత్రమే అనుకునేవారు ఈ సంగతి గమనించాలి. ప్రాతినిధ్యం లేకపోతే శాస్త్రమే అసంపూర్ణమవుతుంది.

ఇదంతా చదివి, నేను నెట్‌వర్క్‌ను శత్రువుగా చూస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. చవక డేటా వచ్చాక అణగారిన కులాలకు దక్కినంత గొంతు మరే మాధ్యమం వల్లా దక్కలేదు. ఏ పత్రికా అచ్చు వేయని పాట, ఏ టీవీ చూపించని దాడి ఇప్పుడు క్షణాల్లో లోకం చూస్తోంది. 2016 జనవరిలో రోహిత్ వేముల చివరి లేఖ హైదరాబాద్ నుంచి దేశమంతటికీ ఫోన్ల మీదుగానే చేరింది. వాడ ఈ సాంకేతికతను ఎంత ఆత్రంగా అందిపుచ్చుకుందో అందరం చూశాం. అందుకే అది గుమ్మం దాకా రావాలని అడుగుతున్నాను. విన్నవారమే కాదు, పంపేవారం కూడా కావాలంటే సిగ్నల్ చెట్టు కింద ఉంటే చాలదు.

చేయవలసినవి అసాధ్యాలేమీ కావు. మొదటిది, నిర్వచనం. ఒక గ్రామానికి మొబైల్ లేదా బ్రాడ్‌బ్యాండ్ అందిందని చెప్పాలంటే అందులోని దళితవాడ, తండా, గూడెం, పెంట, సంచార కులాల ఆవాసాల్లో ఇంటి లోపల కూడా కనీస నాణ్యతతో అందాలని టెలికాం శాఖ ప్రకటించాలి. కరెంటుకు 2004లో చేసినదాని కంటే మెరుగ్గా చేయాలి.

రెండవది, లెక్క. టెలికాం కంపెనీలు తమ సేవలు అందే ప్రాంతాల పటాలను వెబ్‌సైట్లలో పెట్టాలని నియంత్రణ సంస్థ 2024లో నిబంధన చేసింది. 2027 జనగణనలో కులం వివరాలు సేకరిస్తామని కేంద్రం ప్రకటించింది. ఇళ్ల గణనలో ఇంటర్నెట్ ప్రశ్న ఉంది. ఈ రెండిటినీ కలిపి ఆవాసాల వారీగా ప్రచురిస్తే అంచనాలతో, ఆవేశాలతో పనిలేదు. ఇప్పటికే ఇంటింటి కులసర్వే చేసిన తెలంగాణ ప్రభుత్వం ఈ పని అందరికంటే ముందు మొదలుపెట్టవచ్చు.

మూడవది, నిధి. టెలికాం కంపెనీల సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతం సార్వత్రిక సేవా బాధ్యతగా వసూలవుతుంది. 2023 టెలికాం చట్టం ఆ నిధికి డిజిటల్ భారత్ నిధి అని పేరు పెట్టింది. 2024 నిబంధనలు మహిళలతో, దివ్యాంగులతో పాటు ఆర్థికంగా, సామాజికంగా బలహీన వర్గాలకు సేవలు అందించడాన్ని కూడా ఆ నిధి లక్ష్యాల్లో చేర్చాయి. అంటే చట్టంలో చోటు ఉంది, అడిగేవారే కావాలి. ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళికకు 2013లోనే చట్టబద్ధత తెచ్చుకున్న నేల ఇది. అదే పట్టుదలతో ఈ నిధిలో ఆవాసాల వాటా అడగాలి. వాడలోని అంగన్‌వాడీకి, అంబేడ్కర్ భవనానికి, సంక్షేమ వసతిగృహానికి ఫైబర్ చేర్చి అక్కడి నుంచి ప్రజా వైఫై నడపడానికి 2020లో వచ్చిన పీఎం–వాణి పథకం కింద వీలుంది.

నాలుగవది, ప్రత్యామ్నాయం. సిగ్నల్ అందేదాకా ఏ కూలీ, ఏ రేషనూ, ఏ దరఖాస్తూ సిగ్నల్ లేదన్న కారణంతో ఆగకూడదు. కాగితం దారి తెరిచే ఉండాలి.

6జీకి అంతర్జాతీయ సంఘం 2023 నవంబరులో ఆమోదించిన చట్రంలో 'అందనివారికి అందించడం' మౌలిక సూత్రాల్లో ఒకటి. మన దేశం కూడా అదే ఏడాది మార్చిలో తన 6జీ దార్శనిక పత్రాన్ని విడుదల చేసింది. కొలమానాలు ఇంకా తయారవుతున్నాయి. 5జీ సమయంలో 'మా దూరం వేరు' అని వాదించి గెలిచిన ఇంజనీర్లు ఈసారి 'మా ఊరు ఒకటి కాదు' అని కూడా వాదించవచ్చు. వినియోగదారులను సమానంగా పరచడం మాని, నిజంగా వారు ఉన్నచోట ఉంచి పరీక్షించే భారతీయ గ్రామ నమూనాను ప్రతిపాదించవచ్చు. అందుకు కావలసిన గణితం కష్టమైనది కాదు. మా ఎం.టెక్ పిల్లలు చేయగలరు.

ఆ విద్యార్థి ఈ ఏడాది తన ప్రాజెక్టుగా దాన్నే ఎంచుకున్నాడు. ఊరిని ఒక గుంపుగా, వాడను వేరొక గుంపుగా పెట్టి, టవర్ స్థానం మార్చుతూ ఎవరికి ఎంత అందుతుందో లెక్క కడుతున్నాడు. విభాగంలో ప్రాథమిక సమీక్ష రోజున ఒక సహాధ్యాపకుడు, "ఇది ఇంజనీరింగా, సోషియాలజీయా?" అని అడిగారు. అతను తడుముకోకుండా, "టవర్ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న సార్" అన్నాడు. ఆ ఊరి పటం ఇప్పుడు మా ప్రయోగశాల గోడ మీద ఉంది. చెరువు కట్టకు అవతలి భాగం కూడా అందులో ఉంది.